మైకు మూగవోయిన వేళ

కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి మాటలాడుచునే యుండును. పెదవులు కదలుచునే యుండును. ముఖమునందలి ఆతురత తెరమీద స్పష్టముగా గోచరించుచునే యుండును. కాని ఆవలివారి చెవికి ఒక్క అక్షరమైనను చేరదు. “సార్, నా మాట ఇనపడ్తాందా?” అని ఎన్నిమారు లడిగినను ఆ ప్రశ్నయే ఆవలికి పోదు గావున దానికి బదులును రాదు. నిన్నటివరకు చక్కగా పనిచేసిన మైకు నేడు హఠాత్తుగా మూగవోయినప్పుడు మనకు కలుగు మొదటి భావము అది చెడిపోయినదనియే. ఆ భావము తరచుగా తప్పనియు, మైకు నిజముగా చెడిపోవుట అరుదనియు, మన మాట మైకులో ప్రవేశించినది మొదలు ఆవలివారి చెవి చేరువరకు దాటవలసిన తావులలో ఏదో యొకచోట ఆగిపోవుటయే సాధారణముగా జరుగుననియు, ఆ తావును కనుగొనుట కొంచెము ఓర్పు గల యే గృహస్థునకైనను సాధ్యమేయనియు చెప్పుటయే యీ వ్యాసోద్దేశము.

ఇది స్వల్పవిషయమని తోచవచ్చును. కాని 2020 మార్చి 25 నాడు దేశమంతట లాక్‌డౌన్ విధింపబడిన పిమ్మట, పాఠము, వైద్యము, న్యాయము అను మూడును కంప్యూటరు మైకుమీద ఆధారపడిన కాలమును మనమందరమును చూచితిమి. ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ, అనగా 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయపు ప్రాంగణము, పల్లెబడులలో చదివిన పిల్లలను చేర్చుకొని వారి చేతికి ల్యాప్‌టాపులిచ్చి చదువు చెప్పిన విద్యాసంస్థ. అట్టి పిల్లలు ఇండ్లకు మరలిపోయి, వంటయింటి ప్రక్కనో పశువులకొట్టము చెంతనో కూర్చుండి పాఠములు విన్నారు. అదే యేడు ఏప్రిల్ 6 నాడు సుప్రీంకోర్టు దేశములోని న్యాయస్థానములు వీడియో ద్వారా విచారణలు జరుపుకొనుటకు మార్గదర్శకము లిచ్చెను. అంతకు మునుపే, 2019 నవంబరులో, పల్లె ఆరోగ్యకేంద్రమునుండి దూరమందలి వైద్యునితో మాటలాడించు ఈ-సంజీవని పద్ధతిని దేశములో మొట్టమొదట అమలుపరచిన రాష్ట్రము మన ఆంధ్రప్రదేశ్. రోగి తన బాధ చెప్పుకొనుచుండగా మైకు మూగవోయినచో వైద్యుడు చూచునది ముఖము మాత్రమే. నొప్పి ఎచటనో, ఎన్నినాళ్ళనుండియో తెలియదు. మహమ్మారి వెనుకబట్టినను ఈ అలవాటులు వెనుకకు పోలేదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలు నేటికిని కంప్యూటరు మీదనే జరుగుచున్నవి.

రాయలసీమకు మైకు క్రొత్తది కాదు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసినది మొదలు, మధ్యతరంగములపై 900 కిలోహెర్ట్జ్ వద్ద ఈ సీమ గొంతు ఈ సీమకే వినబడుచు వచ్చినది. అయితే రేడియో స్టూడియోలో మాటలాడువానికి మైకును గూర్చిన చింత యుండదు. అద్దపు కిటికీ కావల ఒక ఇంజనీరు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, మీటరుమీది ముల్లును కనిపెట్టుచు, ధ్వని హెచ్చిన తగ్గించుచు, తగ్గిన హెచ్చించుచు కూర్చుండును. నేడు ఆ మైకు ప్రతి యింటికిని వచ్చినది గాని ఆ ఇంజనీరు రాలేదు. ఆతడు చేయుచుండిన పనిలో కొంత మనమే నేర్చుకొనవలసియున్నది.

అందులకు ముందు మైకు లోపల జరుగునది కొంచెము తెలిసికొనుట మేలు. గాలియందలి కంపనమును విద్యుత్తుగా మార్చుట దాని పని. 1878లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు లండనులో, కర్బనపు ముక్కలు వదులుగా తాకియున్నప్పుడు ధ్వనికి తగినట్లు విద్యుత్ప్రవాహము హెచ్చుతగ్గు లగుటను చూపెను. ఎడిసన్, బెర్లినర్ మొదలగువారు ఆ దినములలోనే అమెరికాలో ఇట్టి సాధనములను రూపొందించుచుండిరి. 1916లో ఇ. సి. వెంటె కండెన్సర్ మైకును నిర్మించెను. దానియందు ఒక పలుచని పొరయు, దాని వెనుక నొక ఫలకమును ఉండి, పొర కదలినకొలది, వాటి నడుమ నిలిపియుంచిన విద్యుదావేశమువలన కలుగు వోల్టేజి మారుచుండును. అయితే ఆ ఆవేశమును నిలుపుటకు హెచ్చు వోల్టేజి కావలసియుండెను. 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనువా రిరువురు, విద్యుదావేశమును చిరకాలము తనలో నిలుపుకొనగల ప్లాస్టిక్ పొరతో ఎలెక్ట్రెట్ మైకును కనిపెట్టి ఆ యిబ్బందిని తొలగించిరి. మన హెడ్‌సెట్లలో కందిగింజంత పరిమాణమున నున్నవి పెక్కు ఈ జాతివే. ల్యాప్‌టాపులలో నేడు సిలికానుమీద చెక్కిన, ఇంకను చిన్నవైన మైకులు వాడుచున్నారు. ఎలెక్ట్రెట్ మైకులోనున్న చిన్న యాంప్లిఫయరుకు కంప్యూటరే రెండు మూడు వోల్టుల విద్యుత్తు నందించవలెను. ఈ చిన్న సంగతి జ్ఞాపకముంచుకొనిన, ముందు చెప్పబోవు కొన్ని చిక్కులు సులభముగా విడిపోవును. పిమ్మట ఆ విద్యుత్తరంగమును కంప్యూటరు సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా మార్చుకొనును. ఆ అంకెలే వలలగుండ ప్రయాణించి ఆవల మరల ధ్వనిగా మారును.

మాట పోవు ఈ దారిని శోధించు విధానమును మన ప్రాంతపు రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. 1863 మొదలు 1870 వరకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించి, 1882లో ప్రభుత్వము కొన్న కర్నూలు–కడప కాలువ, సుంకేసుల దగ్గర తుంగభద్రనుండి బయలుదేరి నంద్యాల మీదుగా కడపసీమకు వచ్చును. చివరి ఆయకట్టులోని పొలమునకు నీరు రానప్పుడు రైతు తన పొలముగట్టునే త్రవ్వుచు కూర్చుండడు. నంద్యాల దగ్గర కాలువలో నీరున్నదా యని మొదట విచారించును. ఉన్నదన్నచో సుంకేసులనుండి నంద్యాలవరకు గల దూరమంతటిని శంకింపవలసిన పనిలేదు. లోపము నంద్యాలకు దిగువనే ఏదో తూము దగ్గర నున్నది. లేదన్నచో ఎగువకే పోవలెను. మైకు విషయమునను ఇంతే. దారి నడుమ నొకచోట మాట వచ్చుచున్నదో లేదో చూచిన, సగము అనుమానములు ఒక్కసారిగా తొలగిపోవును. పెక్కుమంది ఇట్లు చేయక, కనబడిన మీటలన్నియు నొక్కి, ఉన్నవానిని మార్చి, చివరకు ఏది మార్చితిమో మరచి, చిన్న లోపమును పెద్దదిగా చేసికొనుచున్నారు. ఒకమారు ఒకే మార్పు చేసి, ఫలితము చూచి, ప్రయోజనము లేకున్న దానిని యథాస్థానమున నుంచి, అటుపిమ్మట రెండవదానికి పోవలెను.

ఆ నడుమ తావు కంప్యూటరులోనే యున్న సౌండ్ రికార్డర్. జూమ్, గూగుల్ మీట్ వంటివానిని మూసివేసి, దీనిని తెరచి, పది సెకనులు మాటలాడి, మరల వినుడు. మీ గొంతు వినబడినచో మైకు, తీగ, పిన్ను, డ్రైవరు అన్నియు బాగున్నవనియే అర్థము. లోపము మీరు మాటలాడదలచిన యాప్‌లో నున్నది. వినబడనిచో లోపము అంతకు ముందే యున్నది. విండోస్ కంప్యూటరులో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్ అనుదానిలో సౌండ్ అను భాగమునకు పోయినచో ఇన్‌పుట్ అను శీర్షికక్రింద మైకుల పేర్లు కనబడును. వాని దగ్గరనే యొక సన్నని పట్టీ యుండును. మీరు మాటలాడినప్పుడు ఆ పట్టీ కదలవలెను. మాటతోబాటు పట్టీ పొడుగగుచున్నచో ధ్వని కంప్యూటరులోనికి వచ్చుచున్నది. మాటలాడినను మానినను అది నిశ్చలముగా పడియున్నచో ధ్వని అచ్చటికే రాలేదు. కొంచెము మాత్రము కదలుచు వెనుకబడుచున్నచో మైకు సజీవముగానే యున్నది, దాని స్థాయి మాత్రము తగ్గించియున్నది. వాల్యూమును 80, 90 వరకు పెంచి చూడవలెను. స్టూడియోలోని ఇంజనీరు మీటరును చూచినట్లు, ఈ పట్టీని చూచుట మనము అలవరచుకొనదగిన మొదటి విద్య.

పట్టీ నిశ్చలముగా నున్నప్పుడు, కంప్యూటరు లోపలికి పోవుటకు ముందు వెలుపలనే చూడవలసినవి కలవు. హెడ్‌సెట్ తీగమీద చిటికెనవ్రేలంత యొక పెట్టె వ్రేలాడుచుండును. దానిమీద మైకును ఆపు చిన్న మీట యుండును. చొక్కా గుండీకి తగిలియో, పిల్లవాని చేయి సోకియో అది క్రిందికి జరిగిన మైకు ఆగిపోవును. కొన్ని హెడ్‌సెట్లలో మైకుకొమ్మను పైకెత్తినంతనే మ్యూట్ అగును. కొన్ని ల్యాప్‌టాపుల కీబోర్డు పైవరుసలోని మీటలలో ఒకదానిపై గీత కొట్టిన మైకు బొమ్మ యుండును. దాని దీపము వెలుగుచున్నచో మైకు ఆపివేయబడినదని అర్థము. ఇంత చిన్న కారణమా యని సంకోచించి దీనిని చూడక విడిచిపెట్టి, డ్రైవర్లను తొలగించువరకు పోయినవారు కలరు. కెమెరాకు అడ్డముగా అంటించిన స్టిక్కరు దాని ప్రక్కనున్న మైకు రంధ్రమును గూడ కప్పివేయుట మరియొక సాధారణ కారణము. ఆ రంధ్రము సూదిమొనకంటె కొంచెమే పెద్దది, చూచిన గాని కనబడదు.

పిన్నుల సంగతి కొంత విస్తరించి చెప్పవలెను. ఏలయన పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు గల పాఠశాలలలోను, మీ-సేవ దుకాణములలోను, ఇంటర్నెట్ కేంద్రములలోను హెచ్చు చిక్కు ఇచ్చటనే కలుగుచున్నది. ఆ కంప్యూటర్లకు వినుట కొకటి, మాటలాడుట కొకటిగా రెండు వేరు రంధ్రము లుండును. గులాబిరంగుది మైకునకు, ఆకుపచ్చది చెవికి. సెల్‌ఫోనుతోబాటు వచ్చిన ఇయర్‌ఫోనుకు పిన్ను ఒకటే; దానిమీద మూడు నల్లని వలయము లుండి, నాలుగు భాగములుగా నుండును; చెవులు రెండింటికి రెండు, మైకున కొకటి, అందరికి సామాన్యమైన దొకటి. ఈ పిన్నును ఆకుపచ్చ రంధ్రమున దూర్చిన పాట వినబడును గాని మాట పోదు. గులాబి రంధ్రమున దూర్చినచో రెండును సరిగా జరుగకపోవచ్చును. ఒక పిన్నును రెండుగా చీల్చు చిన్న అడాప్టరు సెల్‌ఫోను దుకాణములలో స్వల్పమూల్యమునకు దొరకును. దానితో చిక్కు తీరును. క్రొత్త ల్యాప్‌టాపులలో రంధ్ర మొక్కటే గావున నాలుగుభాగముల పిన్నే కావలెను. పిన్ను దూర్చునప్పుడు “టిక్” మని చివరివరకు పోవలెను. కొంచెము వెలుపల నిలిచినను చెవికి పాట వచ్చుచు మైకు మాత్రము పలుకకపోవచ్చును. పెండ్లిపందిళ్ళలోను దేవాలయములలోను వాడు పెద్ద మైకును తెచ్చి ల్యాప్‌టాపునకు తగిలించి పనిచేయలేదని చింతించు యువకులును కలరు. ఆ మైకు పంపు విద్యుత్తు మిక్కిలి స్వల్పము, దానికి ప్రత్యేకమైన యాంప్లిఫయరు కావలెను. యూట్యూబు కొరకు కొనిన స్టూడియో కండెన్సర్ మైకులకు తరచుగా 48 వోల్టులు కావలసియుండగా కంప్యూటరు రంధ్రము ఇచ్చునది రెండు మూడు వోల్టులే. మైకును దుకాణమునకు తిరిగి యిచ్చుటకు ముందు, నడుమ నుండవలసిన ఆడియో ఇంటర్‌ఫేస్ అను పెట్టె లేకపోవుటయే కారణమేమో చూచుకొనవలెను.

వెలుపల అన్నియు సరిగా నున్నచో, కంప్యూటరు ఏ మైకును వినుచున్నదో చూడవలెను. ఒకే ల్యాప్‌టాపులో లోపలి మైకు, వెబ్‌క్యామ్ మైకు, హెడ్‌సెట్ మైకు, బ్లూటూత్ మైకు అని నాలుగు ఉండవచ్చును. క్రొత్తదానిని తగిలించినప్పుడెల్ల కంప్యూటరు తనంతట తానే దానిని ఎన్నుకొనుట కలదు. మీరు హెడ్‌సెట్‌లో మాటలాడుచుండగా అది బల్లచివరనున్న వెబ్‌క్యామ్‌ను వినుచున్నచో, ఆవలివారికి మీ మాట బావిలోనుండి వచ్చినట్లు వినబడును, లేదా వినబడనే వినబడదు. ఇన్‌పుట్ జాబితాలో మీ చేతనున్న మైకు పేరును స్వయముగా ఎన్నుకొనవలెను. బ్లూటూత్ విషయమున మరియొక మెలిక కలదు. పాట వినుటకును, మాటలాడుటకును బ్లూటూత్‌లో వేరు వేరు పద్ధతులున్నవి. మైకు వాడునప్పుడు పాట సొంపు తగ్గి టెలిఫోనువలె వినబడుటకు కారణ మిదియే. కొన్ని కంప్యూటర్లలో ఒకే ఇయర్‌బడ్ రెండు పేర్లతో కనబడును. “హ్యాండ్స్ ఫ్రీ” అను పేరుగలదానిని ఎన్నుకొన్నచో మైకు పలుకును. అంతకంటెను తరచుగా జరుగునది, ఇయర్‌బడ్ జేబులోని సెల్‌ఫోనుతోనే ఇంకను ముడిపడియుండుట. ఫోనులో బ్లూటూత్ ఆపివేసి చూచిన నిమిషములో తేలిపోవును.

పట్టీ కదలుచున్నది, రికార్డరులో గొంతు వినబడుచున్నది, అయినను సమావేశములో మాట పోవుట లేదన్నచో అనుమతుల ప్రకరణములో ప్రవేశింపవలెను. పూర్వము ఏ ప్రోగ్రామైనను యథేచ్ఛగా మైకును వాడుకొనుచుండెను. రహస్యముగా మాటలు వినెడి దుష్టప్రోగ్రాములు పెరిగినందున కంప్యూటర్లు ఇప్పుడు ప్రతి యాప్‌నకును వేరుగా అనుమతి అడుగుచున్నవి. ఆపిల్ కంప్యూటర్లలో 2018నాటి మొహావీ మొదలు ఈ నియమమున్నది. విండోస్‌లో సెట్టింగ్స్ లోని ప్రైవసీ భాగమున మైక్రోఫోన్ అను పుటలో మూడు అంతస్తుల మీటలు కనబడును: మొత్తము కంప్యూటరునకు మైకు ఉండవచ్చునా, యాప్‌లకు ఉండవచ్చునా, డెస్క్‌టాప్ యాప్‌లకు ఉండవచ్చునా యని. జూమ్ వంటి డెస్క్‌టాప్ యాప్‌లకు చెందిన మీట అడుగున నుండుటచే కంటబడదు. పైమీటలు తెరచియున్నను అది మూసియున్నచో మాట పోదు. క్రోమ్ వంటి బ్రౌజరులో పాఠము వినువారు చిరునామాపట్టీ మొదటనున్న చిహ్నమును నొక్కి, మైకు అనుమతి ఇచ్చితిమో కాదనితిమో చూడవలెను. మొదటిసారి ప్రశ్న వచ్చినప్పుడు భయముచేతనో తొందరచేతనో “బ్లాక్” నొక్కినచో బ్రౌజరు దానిని గుర్తుంచుకొని, మరల అడుగక, ప్రతిదినమును నిరాకరించుచునే యుండును. ఈ జాగ్రత్త మన రక్షణకే యేర్పడినది గావున దానిని నిందింపరాదు. తెలియని యాప్‌లకు అనుమతి నిరాకరించుటయే న్యాయము. కార్యాలయమువా రిచ్చిన ల్యాప్‌టాపులలో ఈ మీటలు నిర్వాహకుల అధీనమున నుండవచ్చును. అట్టిచోట మన ప్రయాస వ్యర్థము, వారినే అడుగవలెను.

యాప్ లోపలను మ్యూట్ మీట, మైకు ఎంపిక వేరుగా ఉన్నవి. అందరును ఎరిగినవే గావున విస్తరింపను. కాని సంగీతము నేర్పువారికి కలుగు నొక యిబ్బందిని చెప్పక విడువరాదు. రాజంపేట చేరువనున్న తాళ్ళపాక అన్నమాచార్యుని జన్మస్థలము. ఆయన కీర్తనలను ఇంటనుండియే, సముద్రముల కావలనున్న తెలుగుపిల్లలకు కంప్యూటరుద్వారా నేర్పు ఉపాధ్యాయులు నేడు కలరు. వారి గొంతు స్పష్టముగా పోవును, కాని శ్రుతిపెట్టె నాదము శిష్యునకు వినబడదు. దీర్ఘముగా నిలిపిన స్వరము నడుమనే అణగిపోవును. మైకు చెడలేదు. మనుష్యుని మాట కానిదానిని, ఎడతెగక ఒకే తీరున వచ్చుదానిని పంకా మ్రోతగా భావించి తొలగించునట్లు ఆ యాప్‌లు రచింపబడినవి. తంబురనాదమునకును పంకామ్రోతకును గల భేదము వానికి తెలియదు. జూమ్‌లో “ఒరిజినల్ సౌండ్” అను ఎంపికను తెరచుటయు, ఇతరములలో నాయిస్ తగ్గించు ఎంపికను ఆపుటయు దీనికి ఉపాయము. శ్రుతి వినబడక స్వరము నేర్చుకొను బిడ్డకు కలుగు నష్టము చిన్నది కాదు గనుక ఈ యుపాధ్యాయు లందరికిని ఈ సంగతి తెలిసియుండవలెనని నా కోరిక.

ఇంతవరకు చూచినను పట్టీ కదలనప్పుడే డ్రైవరును శంకింపవలెను. డ్రైవరనగా కంప్యూటరునకును మైకునకును నడుమ దుబాసివంటి ప్రోగ్రాము. విండోస్ నవీకరణ జరిగిన మరునాడు మైకు మూగవోయినచో అనుమానము దీనిమీదికే పోవలెను. మొదట కంప్యూటరును పూర్తిగా రీస్టార్ట్ చేయవలెను. మూత వేసి తెరచుట చాలదు. పిమ్మట డివైస్ మేనేజర్‌లో ఆడియో ఇన్‌పుట్ విభాగమున మైకు పేరు మీద క్రిందికి చూపు బాణమున్నచో అది నిలిపివేయబడినది, ఎనేబుల్ చేయవలెను. పసుపుపచ్చని గుర్తున్నచో డ్రైవరు చెడినది, దానిని తొలగించి రీస్టార్ట్ చేసినచో విండోస్ మరల తానే స్థాపించుకొనును. అప్పటికిని సరిగాకున్న ల్యాప్‌టాపు తయారుచేసిన సంస్థవారి వెబ్‌సైటునుండి ఆ నమూనాకు తగిన డ్రైవరు తెచ్చుకొనవలెను. “ఉచిత డ్రైవర్లు” అని ప్రకటించు ఇతరస్థలములకు ఎన్నడును పోరాదు. అచ్చటినుండి మైకుతోబాటు వ్యాధులును వచ్చును. రెండు ప్రోగ్రాములు ఒకేసారి మైకును కోరుటచే ఒకదానికి అందకపోవుటయు కలదు. వెనుక తెరచియున్న వానిని మూసి చూడవలెను.

మన ప్రాంతమునకే ప్రత్యేకమైన రెండు కారణములు పట్టణములలో వ్రాసిన సూచనలలో సాధారణముగా కనబడవు. మొదటిది ధూళి. బేతంచెర్ల చుట్టుపట్ల నాపరాళ్ళు కోయు కర్మాగారముల దగ్గరను, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారముల చేరువను, ఇంటి బల్లమీద ఉదయము తుడిచిన చోట సాయంకాలమునకు తెల్లని పొడి పొర కట్టును. ఆ పొడి ల్యాప్‌టాపు మైకు రంధ్రమున చేరి, వానకాలపు చెమ్మకు గట్టిపడినచో ధ్వని లోపలికి పోదు. మాట దూరమునుండి వచ్చినట్లు మందముగా వినబడును. అప్పుడు సూదితో పొడుచుట ప్రమాదకరము. లోపలి పొర చిరిగినచో మైకు నిజముగానే చచ్చును. నోటితో ఊదిన తేమ చేరును. డబ్బాలోని గాలిని బలముగా కొట్టినను పొరకు హానియే. మెత్తని పొడికుంచెతో ప్రక్కలకు తుడుచుటయే శ్రేయము. 45 డిగ్రీల చేరువకు పోవు కర్నూలు ఎండలో, నిలిపియుంచిన కారులో హెడ్‌సెట్టును ల్యాప్‌టాపును విడిచిపోవుటయు వాని ఆయుర్దాయమును హరించును.

రెండవది ఎర్తు. మైకు పలుకుచునే, మాటతోబాటు “గుంయ్” మను నొక మ్రోత ఎడతెగక వినబడుచున్నదా? మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేయును. ఆ 50 యొక్క నాదమే యిది. పరీక్ష సులభము: ల్యాప్‌టాపు ఛార్జరును గోడనుండి తీసివేసి బ్యాటరీమీద మాటలాడుడు. మ్రోత మాయమైనచో దోషము మైకుది గాదు, తరచుగా ఇంటి ఎర్తింగుది. మూడుకాళ్ళ ప్లగ్గును రెండుకాళ్ళ సాకెట్టులో బలవంతముగా దూర్చుట మనలో పెక్కుమందికి అలవాటు. మూడవకాలు లేనిచోట ఎర్తు లేదు. మూడవకాలున్నను, వర్షపాతము తక్కువైన ఈ నేలలలో వేసవి వచ్చుసరికి ఎర్తింగు గుంత ఎండిపోయి, మట్టి విద్యుత్తును గ్రహింపజాలకపోవును. అందుకే గుంతలో ఉప్పును బొగ్గును పొరలుగా వేయుదురు. ఎండకాలమున అప్పుడప్పుడు దానిలో నీరు పోయవలెను. ఈ పని మైకుకొరకు మాత్రమే కాదు. ఫ్రిజ్జును తాకిన పిల్లవానికి షాకు తగులకుండ కాపాడునదియు ఆ గుంతయే గనుక, మైకులోని మ్రోతను ఒక హెచ్చరికగా గ్రహించి ఎలక్ట్రీషియనును పిలిపించుట యుక్తము.

ఇన్నియు చూచిన తరువాత మైకును మరియొక కంప్యూటరునకు తగిలించి చూడవలెను. అచ్చటను పలుకనిచో అది చెడినదని నిశ్చయింపవచ్చును. లోపలి మైకే చెడినచో ల్యాప్‌టాపునంతటిని విప్పించుటకంటె యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటి కొనుట తెలివి. అది తన ధ్వనిని తానే అంకెలుగా మార్చుకొని పంపును గావున, చెడిన సౌండ్ భాగముతో దానికి ప్రమేయము లేదు. దుకాణమునకు పోవువారు “మైకు పనిచేయలేదు” అని మాత్రము చెప్పక, రికార్డరులో వినబడినదా, పట్టీ కదలినదా, ఎప్పటినుండి ఆగినది అను మూడింటిని చెప్పినచో మరమ్మతు చేయువాని కాలమును, తమ ధనమును మిగులును.

మైకును గూర్చి నే నింత పట్టుదలతో వ్రాయుటకు మరియొక కారణమున్నది. 2022 జూలై 4 నాడు కేంద్రప్రభుత్వము భాషిణి అను కార్యక్రమమును ప్రారంభించినది. భారతీయభాషల మాటను యంత్రములు గ్రహించునట్లు చేయుట దాని యుద్దేశము, ప్రజలు తమ గొంతును స్వయముగా దానము చేయుటకు అందులో వీలున్నది. యంత్రము వినిన గొంతులనుండియే నేర్చుకొనును. కోస్తా జిల్లాల వారును హైదరాబాదు వారును మాత్రమే మాటలాడి, “వస్తాండా”, “యాడికి పోతాండావప్పా” అనువారు మైకు పలుకలేదని లేచిపోయినచో, రేపు ఆసుపత్రిలోను బ్యాంకులోను మాటతో నడచు యంత్రమునకు మన అవ్వమాట అర్థము కాదు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను ఇచ్చట తోటబంగళా కొని, పండితుల నుంచుకొని, శిథిలమగుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించినందున ఎంత సాహిత్యము దక్కినదో ఎరుగుదుము. ఆ స్థలముననే నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. తాళపత్రములకు ఆయన చేసినది, ముసలివారి నోటిలోనున్న పలుకుబడికి మనము చేయవలసియున్నది.

అందుచేత ఇంటిలోని పెద్దవారి మాటలను, పాటలను, పంటల ముచ్చటలను రికార్డు చేయదలచినవారు, కూలరును పంకాను ఆపి, ఛార్జరు తీసి, మైకును నోటికి జానెడు దూరమున కొంచెము ప్రక్కగా నుంచి, ఊపిరి నేరుగా తగులకుండ చూచుకొనవలెను. నాయిస్ తగ్గించు ఎంపికలను మూసివేసి, 48,000 కొలతను ఎన్నుకొని, పట్టీ చివరి అంచును తాకకుండ మూడువంతులవరకు కదలునట్లు స్థాయిని సరిచూడవలెను. పెద్దవారిని కూర్చుండబెట్టి గంటసేపు మాటలాడించిన తరువాత మైకు మూగయై యుండెనని తెలిసికొనుట వారికి కష్టము, మనకు నష్టము. రెండవమారు అదే కథను అదే తీరున వారు చెప్పలేరు. కనుక మొదట వారి పేరు, ఊరు మాత్రము చెప్పించి, ఆపి, వారికే హెడ్‌ఫోను తగిలించి వినిపించి, “ఇనపడ్తాంది నాయనా” అని వారు చెప్పిన పిమ్మట కథ మొదలుపెట్టించవలెను.